ఏడో వంటకం

బ్రినా లాపాయ్నేకి తన పని మీదున్న నమ్మకం చూస్తే కొందరికి ముచ్చటేసేది, కొందరికి ఒళ్లు మండేది. ఆమె మాత్రం ఆ రెండు రకాల వాళ్లనీ ఒకే నవ్వుతో పలకరించేది. ల్యుబ్లియానాలో ఊరి చివరనున్న పరిశోధనాలయంలో నాలుగేళ్లుగా ఆమె చేస్తున్నది ఒక్కటే పని. టంగ్‌స్టన్ బిళ్లల్ని ప్లాస్మాకి ఎదురుగా నిలబెట్టడం, ఆ తర్వాత అవి ఎంత ఇంధనం మింగాయో తేల్చడం.

ఓస్, ఇంతేనా అనకండి. సూర్యుడు తన కడుపులో చేసే పనిని భూమ్మీద ఒక ఉక్కు గదిలో చేయించి కరెంటు తీయాలని ప్రపంచమంతా తంటాలు పడుతోంది కదా. ఆ గదిలో ప్లాస్మాగా రగిలే వాయువుని అయస్కాంతాలతో ఎంత బిగించి పట్టుకున్నా దాని అంచు వెళ్లి గోడకి తగలక మానదు. తగిలిందంటే రెండు నష్టాలు. గోడ పైపొర అణువణువుగా రేగిపోతుంది. అది చాలదన్నట్టు, ఇంధనంగా పోసిన భార హైడ్రోజన్‌ని గోడ తనలోకి మింగేసి గమ్మున కూర్చుంటుంది. పొయ్యిలో పెట్టిన కట్టెల్ని పొయ్యి గోడలే తినేస్తుంటే అన్నం ఎప్పుడుడుకుతుంది? అందుకని ఇంధనం మింగని గోడ కావాలి. అలాంటి గోడని నేను చేసి చూపిస్తానని బ్రినా చేరిన మొదటి ఏడాదే అందరి ముందూ అనేసింది. చెప్పొద్దూ, చేసి చూపించింది కూడా.

వాళ్ల లాబ్‌లో ఉన్న యంత్రం మనిషి పొడవున్న ఉక్కు గొట్టం. దానికి కాగితాల మీద ఏదో పొడుగాటి పేరుంది, అది ఎవరి నోటా రాదు. అందరూ పొయ్యి అనే అంటారు. పొయ్యి అన్నాక వంటకాలు ఉండాలిగా. బిళ్లని ఎంత వేడిలో కాల్చాలి, ఎంత నున్నగా సానబట్టాలి, పైన ఏ పూత పూయాలి అన్న వరసని బ్రినా వంటకం అనేది. ముందు ఏమీ చేయని ఉత్త బిళ్లని కొలిచింది. తర్వాత మొదటి వంటకం, ఆ తర్వాత రెండోది, అలా ఏడు దాకా వెళ్లింది. ప్రతి వంటకమూ దాని ముందుదాని కంటే తక్కువ మింగింది. ఏడోదైతే ఉత్త బిళ్ల మింగినదాంట్లో పదో వంతు కూడా ముట్టలేదు. ఆ లెక్కల్ని గీతగా గీస్తే ఎక్కడా తడబడకుండా పైనుంచి కిందికి చక్కగా దిగింది. థీసిస్ మొత్తం ఆ గీత మీదే నిలబడింది. జూన్ నెలాఖరులో వైవా. ఏడో వంటకం నిలిస్తే ఆమె డాక్టర్ లాపాయ్నే, ఆమె బిళ్లలు సూర్యుడి పని చేయబోయే పెద్ద యంత్రంలోకి వెళతాయి. నిలవకపోతే నాలుగేళ్ల చాకిరీకి చూపించుకోవడానికి ఆమె దగ్గర ఇంకేమీ లేదు.

సరిగ్గా అలాంటప్పుడు, ఏప్రిల్‌లో, ప్రాగ్ నుంచి కబురొచ్చింది.

ఈ పనిలో ఒక ఆనవాయితీ ఉంది. నీ మాట నీ పొయ్యిలో నిలిస్తే చాలదు, పక్కవాడి పొయ్యిలో కూడా నిలవాలి. అందుకే ఒకరి బిళ్లలు ఒకరు పంపించుకుని కొలుచుకుంటారు. బ్రినా కూడా తన ఏడో వంటకం బిళ్లలు మూడు ప్రాగ్‌కి పంపింది. అక్కడ ఇదే పని మీద ఉన్న హినెక్ అనే కుర్రాడు వాటిని కొలిచి, ఉత్త బిళ్లలు ఎంత మింగుతాయో ఇవీ అంతే మింగాయని తేల్చాడు.

పదిన్నరకి అందరూ పనులాపి మాలిత్సా అనే పొద్దుటి ఫలహారం తినే వేళ ఈ సంగతి బల్ల మీదికొచ్చింది.

“ప్రాగ్ వాళ్లకి బిళ్ల పట్టుకోవడమే చేతకాదు,” అంది బ్రినా బురెక్ రొట్టె తుంచుకుంటూ. “వేలిముద్రలు పడేసి ఉంటాడు.”

“వేళ్లదాకా ఎందుకు, వాళ్ల వాక్యూమ్ చూశావా నువ్వు?” అంది వోయ్కా రావ్నికర్. “నెలకోసారి మూత తీస్తారు. అది వాక్యూమా, సంత వాకిలా?”

వోయ్కా అంటే బ్రినాకి గైడు. అరవైకి దగ్గర్లో ఉన్న మనిషి, పొట్టి జుట్టు, పెద్ద గొంతు. పొయ్యిని దగ్గరుండి కట్టించింది ఆవిడే. కట్టిన ఆరేళ్లలో దాన్ని ఒక్కసారి కూడా తెరవలేదన్నది ఆవిడ గర్వం. తెరిస్తే గాలిలోని తేమ వెళ్లి లోపలి గోడలకి అంటుకుంటుంది, అది వదలాలంటే వారాల తరబడి కాచాలి. అందుకని బిళ్లల్ని పక్కనున్న చిన్న అరలో పెట్టి, పొడుగాటి కడ్డీతో లోపలికి నెట్టే ఏర్పాటు చేయించింది. ఎక్కడ ఏ సభకి వెళ్లినా ఆవిడ మొదటి మాట మా పొయ్యి కన్నెత్తి గాలిని చూడలేదు అనే. విన్నవాళ్లు కుళ్లుకునేవాళ్లు.

“అతన్నే ఇక్కడికి పిలవండి వోయ్కా గారూ,” అంది బ్రినా. “వాళ్ల బిళ్లే తెచ్చుకోమనండి. మన పొయ్యిలో పెట్టి, కళ్ల ముందు కొలిచి చూపిస్తాను. నోరు మూసుకుని రైలెక్కుతాడు.”

“పిలుద్దాం, పిలుద్దాం. రానీ,” అంది వోయ్కా చేతులు దులుపుకుంటూ.

హినెక్ మే నెల మొదట్లో దిగాడు. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఏదో నవ్వు ఆపుకుంటున్న ముఖంతో ఉంటాడు. ఇద్దరూ ఇంతకుముందు సభల్లో కలుసుకున్నవాళ్లే, పోట్లాడుకున్నవాళ్లే.

“రావయ్యా,” అంది బ్రినా గుమ్మంలోనే. “వాక్యూమ్ అంటే ఎలా ఉంటుందో చూద్దామని వచ్చావా?”

“నీ బడాయి వినక చాలా రోజులైంది, అందుకని వచ్చాను,” అన్నాడు హినెక్. సంచిలోంచి చిన్న డబ్బా తీసి ఆమె చేతిలో పెట్టాడు. “ఇదిగో. నీ ఏడో వంటకం ప్రకారం మా చేత్తో మేం చేసిన బిళ్ల. కొలువు.”

“కొలిచాక ఏడవకూడదు మరి.”

“నా రుమాలు నేను తెచ్చుకున్నాలే.”

రోజంతా ఆ బిళ్లని ప్లాస్మాకి ఎదురుగా నిలబెట్టారు. పొయ్యికి రెండు కిటికీలు. పక్క కిటికీకి లోపల రెప్పలాంటి మూత ఉంది, దాన్ని తెరిచి గులాబీ రంగు వెలుగు చూడొచ్చు. రెండోది బిళ్లకి సరిగ్గా ఎదురుగా ఉంటుంది, దానికి పరారుణ కెమెరాని ఆరు బోల్టులతో బిగించేశారు. ఆ కెమెరా బిళ్ల వేడి చూసి చెబుతుంటే హీటరు దాన్నిబట్టి నడుస్తుంది. మూడు వందల డిగ్రీల దగ్గర నిలపమంటే మూడు వందల దగ్గరే నిలుపుతుంది.

“మేమైతే బిళ్లకి వెనక చిన్న బెజ్జం పెట్టి అందులోకి తీగ దూర్చి వేడి చూస్తాం,” అన్నాడు హినెక్.

“బిళ్లకి బెజ్జం పెట్టాక అది బిళ్లెక్కడుంది, బొత్తాం అయింది,” అంది బ్రినా. హినెక్ నవ్వాడు.

మర్నాడు బిళ్లని బయటికి తీసి, వేరే గొట్టంలో మెల్లగా కాచి, అది కక్కిన వాయువుని లెక్కగట్టారు. మధ్యాహ్నానికి అంకె వచ్చింది. ఏడో వంటకం ఎప్పుడూ ఎంత చూపించేదో అంతే. పదో వంతు కంటే తక్కువ.

బ్రినా కుర్చీలోంచి లేచి రెండు చేతులూ పైకెత్తింది. “చూశావా! నీ చేత్తో చేసినా నిలిచింది! ఇప్పుడు చెప్పు, తప్పు నా వంటకానిదా, మీ సంత వాకిలిదా?”

వోయ్కా కూడా తన గదిలోంచి వచ్చి తెర మీది అంకె చూసి భుజం తట్టింది. హినెక్ మాత్రం ఆ అంకె వైపే చూస్తూ నిలబడ్డాడు. అతని ముఖంలో ఓడిపోయినవాడి బాధ లేదు, గెలిచినవాడి సంబరమూ లేదు.

“బ్రినా,” అన్నాడు. “అది ఏడో వంటకం కాదు.”

“ఏమిటి కాదు?”

“దానికి మేం ఏమీ చేయలేదు. ఫ్యాక్టరీ నుంచి వచ్చింది వచ్చినట్టు తెచ్చాను. ఉత్త బిళ్ల.”

బ్రినా అతను తెచ్చిన ఖాళీ డబ్బాని బల్ల మీద ఠకీమని పెట్టింది.

“నాతో నాటకాలాడతావా?” అంది బ్రినా. కోపంతో ఆమె మెడ ఎర్రబడింది. “ఇంత దూరం వచ్చి, నా లాబ్‌లో నిలబడి, అబద్ధమాడతావా?”

“ఆడాను. ఉత్త బిళ్ల అని ముందే చెబితే నువ్వు దాన్ని పొయ్యెక్కించేదానివా? మా దగ్గర ఉత్త బిళ్లల లెక్క నాలుగేళ్ల కిందటే తేలిపోయింది అనేదానివి. అవునా, కాదా?”

అవునని ఒప్పుకోలేక బ్రినా చూపు పక్కకి తిప్పుకుంది. వోయ్కా మాత్రం ఊరుకోలేదు. “డబ్బాలు తారుమారై ఉంటాయి. మీ లాబ్ సంగతి నాకు తెలుసుగా,” అని తలుపు గట్టిగా వేసుకుని తన గదిలోకి వెళ్లిపోయింది.

బ్రినా తన బీరువా తెరిచింది. మొదటి ఏడాది కొన్న ఉత్త బిళ్లల్లో రెండు ఇంకా మిగిలున్నాయి. అప్పట్లో వాటి జతవే తెగ మింగాయి. ఒకటి తీసి తనే శుభ్రం చేసి, తనే లోపలికి నెట్టింది. హినెక్‌ని దగ్గరికి కూడా రానివ్వలేదు. ఇంకో రెండు రోజులు పట్టింది. అంకె వచ్చింది. పదో వంతు కంటే తక్కువ.

ఈసారి తిట్టడానికి ఎవరూ దొరకలేదు.

ఆ అంకె ఎదురుగా ఆమె చాలాసేపు గోళ్లు కొరుక్కుంటూ కూర్చుంది. అదే రకం బిళ్ల, అదే చేయి. నాలుగేళ్ల కింద తెగ మింగింది, ఇప్పుడు ముట్టుకోవడం లేదు. బిళ్ల మారలేదు కాబట్టి మారింది పొయ్యే. ఏడు వంటకాల్నీ తను వరసగా చేసుకుంటూ పోయింది, ఒక్కసారైనా వెనక్కి వెళ్లి మొదటిదాన్ని మళ్లీ పొయ్యెక్కించలేదు. ఎందుకెక్కిస్తుంది? ప్రతిసారీ ముందుసారి కంటే బాగుంటే ఎవరికైనా ముందుకే పోబుద్ధవుతుంది. మరి ఈ నాలుగేళ్లలో పొయ్యిలో అంత మెల్లగా, అంత వరసగా మారిందేమిటి? వాయువు స్వచ్ఛతా? నెలనెలా పరీక్షించింది. కరెంటా? కాదు. బిళ్ల వేడా?

వేడి ఎక్కువైతే టంగ్‌స్టన్ తక్కువ మింగుతుంది. అది ఈ పనిలో చేరినవాళ్లు మొదటి వారంలో నేర్చుకునే సంగతి. కానీ వేడి మూడు వందలే అని కెమెరా చెబుతోంది. కెమెరా కిటికీలోంచి చూస్తోంది. కిటికీ బిళ్లకి ఎదురుగా ఉంది.

“అయ్యో నా బుద్ధీ!” అని పైకే అనేసింది బ్రినా.

వెనక బల్ల దగ్గరున్న హినెక్ ఉలిక్కిపడ్డాడు. “ఏమైంది?”

“ప్లాస్మా తగిలినప్పుడు బిళ్ల పైపొర రేగిపోతుందా? రేగిన లోహం ఎటు పోతుంది?”

“ఎదురుగా ఏదుంటే దాని మీద కూర్చుంటుంది. నీ థీసిస్‌లో నాలుగో అధ్యాయం మొత్తం అదేగా.”

“ఎదురుగా ఏముంది?”

హినెక్ పొయ్యి వైపు చూశాడు. ఆరు బోల్టులతో బిగించిన కెమెరా కనిపించింది. అతని నోట్లోంచి చెక్ భాషలో ఒక బూతు వచ్చింది, అది ఇక్కడ చెప్పేది కాదు.

కిటికీ గాజు మీద లోపలి వైపు లోహం పొర కట్టింది. బిళ్ల నుంచి వచ్చే వేడి వెలుగు ఆ పొర దాటి సగం కూడా కెమెరాకి చేరడం లేదు. కెమెరా చల్లగా ఉంది అంటుంది, హీటరు ఇంకాస్త కాస్తుంది. పొర మందమయ్యేకొద్దీ బిళ్ల ఇంకా ఇంకా కాలింది, ఇంకా ఇంకా తక్కువ మింగింది. బ్రినా మాత్రం ఆహా నా వంటకాలు ఎంత బాగుపడుతున్నాయి అనుకుంటూ గీత గీసుకుంది. రేగిన లోహం ఎక్కడెక్కడ వాలుతుందో అధ్యాయమంతా రాసిన మనిషికి తన కిటికీ కూడా ఒక గోడేనని తట్టలేదు. పొయ్యి తెరిచే అలవాటున్న లాబ్‌లో అయితే ఏడాది తిరక్కుండానే ఎవడో ఒకడు చూసి ఉండేవాడు. వీళ్లది ఎన్నడూ తెరవని పొయ్యాయె!

నిజం చెప్పాలంటే ఆ సాయంత్రం బ్రినా ఏడ్చింది. అయితే ఏడుస్తున్నప్పుడు కూడా తను కనిపెట్టినది నిజమన్న సంగతిలో ఆమెకి రవ్వంత అనుమానం లేదు. హినెక్ తన రుమాలు తీసి ఇచ్చాడు, ఏమీ దెప్పలేదు.

మర్నాడు పొద్దున్నే ఆమె వోయ్కా గదికి వెళ్లి నిలబడే అంతా చెప్పింది. వోయ్కా కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టి, మధ్యలో ఒక్క మాట కూడా అడ్డు రాకుండా విన్నది.

“పొయ్యి తెరవాలి,” అని ముగించింది బ్రినా.

“వైవా అయ్యాక తెరుద్దాం.”

“అయ్యాకా?”

“తెరిస్తే మళ్లీ దారికి రావడానికి ఎన్ని వారాలు పడుతుందో నీకు తెలుసు. నీ జూన్ గంగలో కలిసినట్టే. నువ్వు చెబుతున్నది ఇంకా అనుమానమే కదా పిల్లా. అనుమానం మీద ఎవరైనా వైవా మానుకుంటారా? పట్టా చేతికొచ్చాక నీ ఇష్టమొచ్చినట్టు విప్పుకో.”

“అది అనుమానం కాదు వోయ్కా గారూ. నాకు తెలుసు. మీకూ తెలుసు.”

వోయ్కా బల్ల మీది కళ్లద్దాలు తీసుకుని తుడవడం మొదలుపెట్టింది.

“తెలిసి ఆ గీత చూపించి డాక్టర్ననిపించుకోలేను,” అంది బ్రినా. “అంత ఖర్మ నాకేం పట్టింది? నాలుగేళ్లు తప్పు దోవలో నడిచాను, సరే. కాళ్లు నావేగా, మళ్లీ నడుస్తాను.”

“నీకు పొగరెక్కువ.”

“ఇక్కడికొచ్చాకే ఎక్కువైంది.”

వోయ్కా పెదవి కొరుక్కుంటూ కిటికీ బయటికి చూసింది. ఆవిడ ముఖం ఎందుకంత వాడిపోయిందో బ్రినాకి అప్పుడు అర్థం కాలేదు. తన జూన్ గురించి బాధపడుతోందనుకుంది.

తెరిచే ముందు పొయ్యిలోకి నత్రజని వదులుతుంటే సన్నగా బుస్సుమని చప్పుడు వచ్చింది. లాబ్‌లో వాళ్లందరూ చేతులు కట్టుకుని చుట్టూ నిలబడ్డారు. ఎవరికీ హాస్యం తోచలేదు. బ్రినా స్పానర్ తీసుకోబోతుంటే వోయ్కా వచ్చి ఆమె చేతిలోంచి లాక్కుంది. “నేను బిగించిన బోల్టులు నేనే విప్పుతాను,” అని మొదటి బోల్టుకి స్పానర్ తగిలించి ఒంట్లో బలమంతా పెట్టి తిప్పింది. ఆరు బోల్టులూ ఆవిడే విప్పింది. కెమెరా పక్కకి తీశారు. ఆ వెనక గాజు ముదురు గోధుమ రంగులో మెరుస్తోంది. చేతి తొడుగులేసుకుని వోయ్కా దాన్ని జాగ్రత్తగా తీసి వెలుతురుకి పట్టింది. వెలుతురు ఇటు రాలేదు, ఆవిడ ముఖమే ఆవిడకి కనిపించింది.

“బాగానే ఉన్నాను,” అంది వోయ్కా పొడిగా, గాజుని బ్రినా చేతిలో పెట్టి.

తేల్చడం ఎంతసేపు? వేడి చేసిన పలకని ఒకసారి కొత్త గాజులోంచి, ఒకసారి పాత గాజులోంచి చూశారు. పాత గాజు మూడు వందలంటే అసలు వేడి నాలుగు వందల ముప్పై. ఏడో వంటకం అన్నది లేదు. ఆ గీత వంటకాలది కాదు, గాజుది.

ఇద్రియాలో ఉన్న తల్లికి ఫోన్ చేయడమే బ్రినాకి అన్నిటికంటే కష్టమనిపించింది. ఆవిడ బడిలో వంటమనిషి. కూతురు డాక్టరవుతోందని వీధి వీధంతా చెప్పేసి, ఆ రోజుకి బంగాళాదుంప కూరిన జ్లిక్రోఫీ కుడుములు ఎంతమందికి చేయాలో కూడా లెక్కేసుకుంది.

“అమ్మా, వైవా జూన్‌లో లేదు.”

“ఎవడు ఆపాడు? పేరు చెప్పు. బస్సెక్కి వస్తున్నా.”

“ఎవరూ ఆపలేదు. నేనే ఆపాను. నా లెక్క తప్పని నేనే కనిపెట్టాను.”

తల్లి కాసేపు ఆలోచించింది. “వేరేవాళ్లు కనిపెట్టలేదు కదా?”

“లేదు. అంటే, ఒక ప్రాగ్ కుర్రాడు సగం కనిపెట్టాడు.”

“సగమేగా. అయితే పరవాలేదు. బంగాళాదుంపలు ఎప్పుడు కొనాలో చెప్పు మరి,” అని ఫోన్ పెట్టేసింది.

జూన్‌లో మొదలయ్యే అక్కడి ఎండాకాలమంతా లాబ్‌లోనే గడిచింది. పొయ్యిని కాచి కాచి తేమ వదలగొట్టారు. కొత్త కిటికీకి కూడా మూత పెట్టారు, కొలిచేటప్పుడు మాత్రం రెప్ప వేసినట్టు తెరుచుకుంటుంది. బ్రినా ఏడు వంటకాల్నీ మళ్లీ చేసింది, ఈసారి ముందు వెనకలుగా కలగలిపి, మధ్యమధ్య ఉత్త బిళ్ల పెడుతూ. అన్నీ ఒకే రకంగా మింగాయి. ఆమె ముద్దుగా చూసుకున్న ఏడోదైతే ఉత్తదానికంటే తొందరగా రేగిపోయింది కూడా. ఆ అంకెల్ని ఆమె ఒక్కటీ వదలకుండా రాసుకుంది. ఓడిపోయానని చెప్పుకోవడానికి కూడా కొలత సరిగ్గా ఉండాలి, ఆ కొలత నాది అనుకుంది.

పాత గాజుని పారేయబోతే ఆమే ఆపింది. ఈ పొయ్యిలో ఆరేళ్లు వరసగా కూర్చున్న బిళ్ల ఇదొక్కటే, దీన్ని కూడా కొలిస్తే పోలా అంది. గాజుని ముక్కలు కోసి మెల్లగా కాచింది. ఆ పొర భార హైడ్రోజన్‌తో నిండిపోయి ఉంది! రేగిన లోహం వాలేటప్పుడు ఇంధనాన్ని కూడా వెంటబెట్టుకుని వాలింది. గోడ ఎంత మింగుతుందని బిళ్లల్లో వెతకడం ఒక్కటే చాలదు, ఆ గోడ రేగి ఇంకెక్కడ పేరుకుందో అక్కడ కూడా వెతకాలి. పొర పొరలో ఎంత ఉందో, ఏ వేడికి ఎంత వదులుతుందో బ్రినా నెలన్నరలో తేల్చింది. థీసిస్‌లో సగం చింపేసి కొత్తగా రాసింది. రాసేటప్పుడు ఆమె ముఖంలో పాత ధీమా తిరిగొచ్చింది. లాబ్‌లో వాళ్లకి మళ్లీ ముచ్చటా వేసింది, ఒళ్లూ మండింది.

ఆ పనిలోనే ఒకరోజు పొర వయసు లెక్కగడుతూ ఆమె పెన్ను పక్కన పెట్టేసింది. కిటికీ పెట్టింది ఆరేళ్ల కింద. తను వచ్చింది నాలుగేళ్ల కింద. ముందు రెండేళ్లూ ఆ గాజులోంచే వోయ్కా కొలిచింది. ఆవిడకి ఎక్కడలేని పేరు తెచ్చిపెట్టిన పేపరు, ఎక్కడెక్కడివాళ్లో ఇప్పటికీ ఉదహరించే పేపరు, ఆ రెండేళ్లదే. మే నెలలో ఆవిడ ముఖం ఎందుకు వాడిపోయిందో అప్పుడు తెలిసింది. స్పానర్ లాక్కుని ఆ బోల్టులు విప్పినప్పుడు ఆవిడకి అంతా తెలుసన్నమాట. బ్రినా ఆ సంగతి ఎత్తలేదు. వోయ్కా కూడా ఎత్తలేదు. పొద్దున్నే కాఫీ తాగుతూ ఇద్దరూ వాన గురించి మాట్లాడుకునేవాళ్లు.

వైవా నవంబర్‌లో జరిగింది. గది నిండిపోయింది. తల్లి ఇద్రియా నుంచి పెద్ద గిన్నెలు మోసుకొచ్చి, వాటిని నడవలో పెట్టించి, మూడో వరసలో కూర్చుంది. హినెక్ వెనక గోడకి ఆనుకుని నిలబడ్డాడు. పరీక్షకుల్లో పెద్దాయన పాదువా నుంచి వచ్చిన ప్రొఫెసర్ జానెల్లా. ఆయన పక్కనే, ముందు వరసలో, వోయ్కా.

బ్రినా పాత గీతని అందరికీ చూపించింది. “నాలుగేళ్లు దీన్ని చూసి మురిసిపోయాను. ఇది తప్పు. ఎందుకు తప్పో ఇప్పుడు చెబుతాను,” అని మొదలుపెట్టింది. తడబడకుండా చెప్పింది. పొర సంగతికి వచ్చేసరికి జానెల్లా ముందుకి వంగి కూర్చున్నాడు. ప్రశ్నలు వచ్చినవి వచ్చినట్టు తిప్పికొట్టింది. ఒకరిద్దరు నవ్వారు కూడా. పట్టా వచ్చేసినట్టేనని గదిలో అందరికీ తెలిసిపోయింది.

“చాలా బాగుంది,” అన్నాడు జానెల్లా. “ఇక ఒక్క ప్రశ్న. ఆ కిటికీ మీరు చేరకముందు నుంచీ ఉందన్నారు. మరి మీరు చేరకముందు ఈ యంత్రం మీద వచ్చిన ఫలితాల సంగతి ఏమిటి?”

అవి ఎవరి ఫలితాలో ఆ గదిలో తెలియనివాళ్లు బ్రినా తల్లి ఒక్కతే.

ఆ రోజు మొదటిసారి బ్రినాకి భయం వేసింది. అది నా థీసిస్ పరిధిలోకి రాదండి అంటే సరిపోయేది. అదేం తప్పు మాట కాదు, జానెల్లా కూడా తలూపి ఊరుకునేవాడు. వోయ్కా వైపు చూడకూడదనుకుంటూనే చూసింది. ఆవిడ చేతులు ఒళ్లో పెట్టుకుని, కళ్లార్పకుండా ఆమెనే చూస్తోంది.

“అవి కూడా తప్పయి ఉండొచ్చు,” అంది బ్రినా చిన్న గొంతుతో. “ఎప్పటికి పొర ఎంత కట్టిందో ఇప్పుడు చెప్పలేం. మళ్లీ కొలిచేదాకా వాటిని ఎవరూ నమ్మకూడదు.”

ముందు వరసలోంచి వోయ్కా గొంతు ఖణేలుమంది.

“గట్టిగా చెప్పు బ్రినా. వెనకవాళ్లకి వినబడలేదు.”

బ్రినా గొంతు సవరించుకుని, గది చివరిదాకా వినబడేలా మళ్లీ చెప్పింది.